మాస్టారు లేచి నిలబడిన రోజు

ఆ రోజు ఆగస్టు తొమ్మిది, ఆదివారం. పొద్దున మాస్టారు తిన్నది రెండు కాల్చిన బ్రెడ్డు ముక్కలు, సగం అరటిపండు. తాగింది మాత్రం ఏమీ లేదు. కోడలు పెట్టిన కాఫీ కప్పులోనే చల్లారి, తెట్టు కట్టి, చివరికి సింకు పాలైంది.

"ఏంటి మామయ్యగారూ, కాఫీ ముట్టుకోలేదు?"

"కడుపులో కాస్త బరువుగా ఉందమ్మా."

"పోనీ నీళ్లయినా తాగండి. నిన్నట్నించీ చూస్తున్నా, గ్లాసు కనబడితే చాలు మొహం తిప్పేసుకుంటున్నారు. అదేమన్నా అప్పులాడా?"

మాస్టారు నవ్వేశారు. ఆయన ఆ రోజుకు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సాయంత్రం అపార్టుమెంటు సంఘం మీటింగు జరుగుతుంది. దానికి వెళ్లాలి. కుర్చీలో కూర్చోవాలి. మధ్యలో ఎక్కడికీ పోకూడదు. గంట మోగగానే లేచి నిలబడాలి. ఉద్యోగం విరమించిన మనిషి ఇంతకంటే తేలికైన పని పెట్టుకోలేడు. అయినా దానికోసం ఆయన నిన్నటి నుంచి నీళ్లు మానేశారు.

గొడవంతా కింది అంతస్తులోని చదువుల గది గురించి. పొడుగాటి బల్ల, నాలుగు గోడలకూ పుస్తకాల అరలు, కిటికీ పక్కన దిండు వేసిన చెక్క కుర్చీ. ఆ గదిని మొదలుపెట్టింది మాస్టారి భార్య. బతికినన్నాళ్లూ సాయంత్రాలు ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చునేది. గది వెనక ఒక బాత్‌రూం కూడా ఉండాలని సంఘంతో పోట్లాడి మరీ కట్టించింది. "ఆకలేస్తే ఇంటికెళ్లి తినేసి వస్తారు. ఇదొస్తే పుస్తకం మూసేసి పోతారు, ఇక రారు" అని ఆవిడ వాదన. ఆవిడ పోయాక సాయంత్రాలు మాస్టారు అక్కడికి వెళ్లి, ఆ కుర్చీలో కాకుండా దాని పక్క కుర్చీలో కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. పరీక్షలకు చదివే పిల్లలు ఉంటారు, పేపరు కోసం వచ్చే ముసలివాళ్లు ఉంటారు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగరు. ఒంటరి మనిషికి అదొక గొప్ప సౌకర్యం.

ఇప్పుడు సంఘం సెక్రటరీ లిఫ్టు పక్కనున్న ఆ గది గోడ పగలగొట్టి, కార్లు పెట్టుకునే చోటుగా మార్చాలని ప్రతిపాదన తెచ్చాడు. అతనికి ఒకటే కారు. అది ఇప్పుడు భవనం వెనకాల చివర్లో ఉంటుంది. దాన్ని లిఫ్టు పక్కకు తేవడానికి ఇంత పట్టుదల ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

కట్టడాన్ని మార్చాలంటే వరసగా రెండు మీటింగుల్లో ఓటింగులో నెగ్గాలి. చీటీలు వేస్తే దొంగచీటీలన్నారు, చేతులెత్తమంటే కొందరు రెండూ ఎత్తారు. అందుకని ప్రెసిడెంటుగా ఉన్న రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌గారు తన స్కూలు పద్ధతి తెచ్చారు. ఆవిడ ఇత్తడి గంట ఒకసారి కొడతారు. ప్రతిపాదన వద్దనేవాళ్లు లేచి నిలబడాలి. లెక్కపెట్టాక రెండోసారి కొడతారు. అంతే.

మొదటి మీటింగులో మాస్టారికి సరిగ్గా ఆ సమయానికే బాత్‌రూంకి వెళ్లాల్సి వచ్చింది. ఆ వయసు మగవాళ్లలో చాలామందికి ఉండే తిప్పలే. ప్రోస్టేటు గ్రంథి పెరిగి దారి ఇరుకైపోతుంది. వెళ్లాలంటే క్షణం ఆగదు, వెళ్తే ఎంతకీ రాదు. మొదటి గంట ఆయనకు లోపల వినిపించింది. రెండో గంటా వినిపించింది. ఆ మధ్యలో ఆయన చేయగలిగింది ఏమీ లేకపోయింది. బయటికొచ్చేసరికి ఒక్క ఓటు తేడాతో ప్రతిపాదన నెగ్గింది.

"అమ్మా, నేను వ్యతిరేకం. నన్నూ లెక్కపెట్టండి" అని మాస్టారు హెడ్‌మిస్ట్రెస్‌గారిని బతిమాలారు.

సెక్రటరీ అడ్డం వచ్చాడు. "అలా కుదరదండీ! మొదటి గంటకీ రెండో గంటకీ మధ్య ఎవరు నిలబడ్డారన్నదే లెక్క. ఎందుకు, ఏమిటి అని తర్వాత అడిగేది లేదు. ఇది ఇవాళ్టి నుంచి రూలుగా రాసుకుందాం." రాసుకున్నారు కూడా.

ఎక్కడికెళ్లారో చెప్పడానికి మాస్టారికి నోరు రాలేదు. దాంతో ఆయన ఓటు తప్పించుకోవడానికి బాత్‌రూంలో దాక్కున్నారనే మాట అన్ని అంతస్తులూ ఎక్కింది. రెండు రోజుల్లో ఆయన కొడుకు కారుకి లిఫ్టు పక్కనే చోటు ఖాయమైందని కూడా తేలింది. ఊళ్లు తిరిగే ఉద్యోగంలో ఉన్న కొడుకుకి అసలు కారే లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. రోజూ పక్కన కూర్చుని పేపరు చదివే పాత స్నేహితుడు, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు, గొంతు పెద్దదని అందరూ 'హారన్' అని పిలిచేవాడు, మాస్టారిని చూసి పేపరు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. గది పోతుందన్న బాధ ఒకటి. భార్య గదిని తనే అమ్మేశాడని అనుకుంటున్నారన్న బాధ ఇంకొకటి. రెండోదే ఎక్కువ నొప్పి.

అందుకే ఆయన చివరికి సిగ్గు విడిచి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆ డాక్టరు ఒకప్పుడు ఆయన క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నవాడే. మాస్టారు ముప్ఫై ఏళ్లు కాలేజీలో శరీరధర్మశాస్త్రం చెప్పారు.

"మీకు నేను చెప్పేదేముంది మాస్టారూ, మీరు చెబితే నేర్చుకున్నవాణ్ని. ఇది ఆల్ఫా బ్లాకరు. దారి చుట్టూ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. పూర్తిగా గుణం కనబడ్డానికి కొన్నాళ్లు పడుతుంది. కానీ మొదటి మాత్ర మాత్రం..."

"తెలుసునయ్యా."

"తెలిసినా చెబుతా. మొదటి మాత్ర రాత్రి మంచం మీద కూర్చుని వేసుకుని, అలాగే పడుకోవాలి. లేచేటప్పుడు మెల్లగా లేవాలి. మీరు గుండెదడకి ఇప్పటికే బీటా బ్లాకరు వాడుతున్నారు కదా, మీకు ఇంకా జాగ్రత్త కావాలి. నీళ్లు బాగా తాగండి."

"తెలుసునయ్యా, తెలుసు" అని మాస్టారు లేచారు. తనే నేర్పిన పాఠాన్ని ఎదుటివాడు చెబితే శ్రద్ధగా వినడం లోకంలో చాలా కష్టమైన పని.

శనివారం మందుల షాపులో ఆ మాత్ర లేదు. ఆదివారం మధ్యాహ్నానికి తెప్పించింది షాపమ్మాయి. "రాత్రికి వేసుకోండి అంకుల్" అని చీటీ చూసి మరీ చెప్పింది. మాస్టారు ఇంటికొచ్చి మాత్ర చేతిలో పెట్టుకుని ఆలోచించారు. రాత్రి వేసుకుంటే రాత్రికి పనికొస్తుంది. ఓటింగు సాయంత్రం. రాత్రికి ఆ గది ఉంటుందో, పోతుందో. కొన్నాళ్లు పట్టే గుణం ఈ ఒక్క పూటకి కాస్త ముందే రాకూడదా? ముప్ఫై ఏళ్ల శాస్త్రం ఒకవైపు, ఒక్క సాయంత్రం మీద ఆశ ఒకవైపు. ఆశే గెలిచింది. నీళ్లు తాగితే మళ్లీ మొదటికొస్తుందని, పొద్దున మిగిలిన సగం అరటిపండుతో కలిపి మింగేశారు.

"ఏంటి మామయ్యగారూ ఆ మాత్ర?"

"విటమిన్ అమ్మా."

మీటింగు జరిగేది కూడా ఆ చదువుల గదిలోనే. కుర్చీలన్నీ నిండిపోయాయి. కిటికీలు తెరిచినా గాలి లేదు. మాస్టారు భార్య కుర్చీ పక్కన కూర్చున్నారు. హారన్ రెండు వరసల ముందు కూర్చుని, వెనక్కి తిరక్కుండానే అందరికీ వినబడేలా అన్నాడు. "బాత్‌రూం తలుపుకి తాళం వేశారా లేదా? ఇవాళ కూడా ఎవరన్నా దాక్కుంటారు!"

మాస్టారు తల దించుకున్నారు. కానీ లోపల ఒక చిన్న సంతోషం. ఇంతవరకూ వెళ్లాల్సిన అవసరం రాలేదు. సెక్రటరీ చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతూ మధ్యలో తనే రెండుసార్లు బయటికి వెళ్లొచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. సెక్రటరీలకు ఫోన్లు వస్తుంటాయి.

హెడ్‌మిస్ట్రెస్‌గారు కళ్లజోడు సర్దుకుని గంట అందుకున్నారు. "వ్యతిరేకించేవాళ్లు నిలబడండి." టింగ్.

మాస్టారు లేచారు. మామూలుగా కాదు, ఇన్ని రోజుల మాటలకూ ఒక్కసారే జవాబు చెబుతున్నట్టు, అందరికంటే ముందు, గభాలున లేచారు. ఛాతీ విరుచుకుని నిలబడ్డారు. ఆయన్ని చూసి హారన్ నోరు తెరిచాడు. ఆ క్షణం చాలా గొప్పగా ఉంది. తర్వాత గది చుట్టూ పసుపు రంగు మసక కమ్మింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు చాలా దూరం వెళ్లిపోయారు. మాస్టారు ఎంత హుందాగా లేచారో అంత హుందాగానే మోకాళ్ల మీదకు దిగి, భార్య కుర్చీకి ఒరిగి, నేల మీద పడుకున్నారు.

"మామయ్యగారూ!" అని కోడలు కేక పెట్టింది.

గదిలో ఒక్క మనిషి కూడా కూర్చుని లేడు. వెనకవాళ్లు కుర్చీలెక్కారు. "గాలి రానివ్వండి" అంటూ అందరూ ఆయన మీదకే వంగారు. "కూర్చోండి, ఎవరి చోట్ల వాళ్లు కూర్చోండి!" అని హెడ్‌మిస్ట్రెస్‌గారు అరుస్తున్నా ఎవరూ వినిపించుకోలేదు. సెక్రటరీ అందర్నీ తోసుకుని వచ్చి మాస్టారి చెయ్యి పట్టుకుని, తన వాచీ చూస్తూ నాడి లెక్కపెట్టాడు. అతని మొహం మెల్లగా మారింది.

"నాటకం!" అన్నాడు. "కళ్లు తిరిగి పడిపోయిన మనిషి నాడి గుర్రంలా పరిగెత్తాలి. ఇది చూడండి, గోడగడియారంలా ఎంత నింపాదిగా కొట్టుకుంటోందో! సానుభూతి ఓట్ల కోసం పడుకున్నారు!"

"నోరు మూస్తావా లేదా?" అన్నాడు హారన్. బయట రోడ్డు మీద ఎవరో పక్కకి తప్పుకుని ఉంటారు. "పెద్దమనిషి పడిపోతే నాటకమంటావా? నువ్వేమన్నా డాక్టరువా?"

"మీరే కదండీ ఇందాక దాక్కుంటాడన్నారు!"

"నేననొచ్చు. ఆయన నా స్నేహితుడు."

ఈలోగా కోడలు మందుల షాపుకి ఫోన్ చేసింది. ఎవరో స్పీకరు నొక్కారు. "ఇవాళ మా మామయ్యగారికి ఇచ్చారే, ఆ విటమిన్ ఏంటండీ?"

"విటమినా?" అంది షాపమ్మాయి గొంతు గదంతా వినబడేలా. "అంకుల్‌కి నేను విటమిన్లేవీ ఇవ్వలేదు మేడమ్. ఆయనకి ఇచ్చింది..."

"ఫోన్ పెట్టెయ్ తల్లీ," అని నేల మీంచి నీరసంగా వినిపించింది. "నేనే చెబుతాను."

మాస్టారు కళ్లు తెరిచారు. అందరూ ఒక్కసారిగా మాట్లాడటంతో హెడ్‌మిస్ట్రెస్‌గారికి ఓపిక నశించింది. గంట ఎత్తి గట్టిగా కొట్టారు. టింగ్! గది నిశ్శబ్దమైపోయింది.

పడుకున్న మనిషికి లోకం కొత్తగా కనబడుతుంది. మాస్టారికి పైన తిరుగుతున్న ఫ్యాను కనబడింది. తల కింద ఎవరో మడిచి పెట్టిన తువ్వాలు తగిలింది. హారన్ ఆయన చెప్పులు విప్పి, కాళ్లు ఎత్తి, దిండు కుర్చీ మీద పెట్టాడు. అన్నాళ్లూ తను కూర్చోకుండా వదిలేసిన కుర్చీలో ఇప్పుడు తన పాదాలు ఉన్నాయి. ఆవిడ ఉంటే నవ్వేది అనుకున్నారు. ఆ తర్వాత చెప్పడం పెద్ద కష్టమనిపించలేదు.

"మనం లేచి నిలబడినప్పుడు నెత్తురు కాళ్లలోకి జారుతుంది," అని మొదలుపెట్టారు. గొంతు క్లాసులో ఉన్నట్టే ఉంది. "వెంటనే నరాలు రక్తనాళాలకి కబురు పంపుతాయి, బిగుసుకోమని. అవి బిగుసుకుంటే నెత్తురు తలదాకా చేరుతుంది. ఆ కబురు అందుకునే తలుపుల్ని ఆల్ఫా అంటారు. నేను వేసుకున్న మాత్ర ఆ తలుపులు మూసేస్తుంది. కబురొచ్చింది, తలుపు తియ్యలేదు. అందుకే పడ్డాను."

"మరి నాడి?" అన్నాడు సెక్రటరీ, పట్టు వదలకుండా.

"గుండెకున్న తలుపులు వేరు. వాటిని బీటా అంటారు. అవి ఎప్పట్నించో వేరే మాత్రతో మూసి ఉన్నాయి. మా ఆవిడ పోయాక దడ పట్టుకుంటే డాక్టరిచ్చాడు. అందుకే నా గుండె ఎంత భయపడ్డా పైకి చెప్పుకోలేదు బాబూ. నింపాదిగా ఉందని నువ్వన్నావే, అది నింపాది కాదు."

కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది.

"మరి ఇంత ప్రమాదమైన మాత్ర ఎందుకు వేసుకున్నారండీ?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్‌గారు.

"ప్రమాదం మాత్రలో లేదమ్మా. రాత్రి వేసుకుని పడుకోమన్నారు, పగలు వేసుకుని లేచాను. నీళ్లూ మానేశాను. ఎందుకంటే..." మాస్టారు ఒక్క క్షణం ఫ్యాను వంక చూశారు. "పోయినసారి నేను దాక్కోలేదు. ఒంటేలు ఆగలేదు. ఒకసారి లోపలికెళ్తే ఎంతకీ బయటపడలేను. ఈసారైనా కుర్చీలో ఉండాలని ఇదంతా చేశాను. మూత్రం దారి దగ్గర కూడా ఆ ఆల్ఫా తలుపులే ఉంటాయి. అవి మూస్తే అక్కడి బిగువు వదులుతుందని మాత్రకి ఆ పని చెప్పాను. దానికి ఏ తలుపు ఎక్కడిదో తెలియదు. అన్నీ వేసుకుంటూ పోయింది."

హారన్ ముక్కు చీదాడు. "ఆ మాట అప్పుడే ఏడవొచ్చుగా మాస్టారూ! నాతో చెప్పుకోడానికేంటి సిగ్గు? రాత్రి నేనెన్నిసార్లు లేస్తానో మా ఆవిడ లెక్కపెట్టడమే మానేసింది. ఇంతకీ ఎవరా డాక్టరు?"

"ఆ పేరేదో నాక్కూడా చెప్పండి," అన్నాడు మూడో వరసలో ఒక పెద్దాయన, పక్క ఎవరున్నారో చూసుకుని. ఇంకొకాయన జేబులోంచి పెన్ను తీశాడు. ఆడవాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు.

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "సరే, జరిగిందేదో జరిగింది. మళ్లీ ఓటింగు పెడదామా?"

"మళ్లీ ఎందుకు?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్‌గారు. "మొదటి గంట కొట్టాను. రెండో గంటా కొట్టాను."

"అది అల్లరి ఆపడానికి కొట్టారండీ!"

"గంట గంటే. ఆ మధ్యలో మీరు నిలబడ్డారా, లేదా?"

"నేను నాడి చూడ్డానికి..."

"ఎందుకు, ఏమిటి అని అడిగేది లేదు. రూలు మీరు రాయించిందే కదండీ!" ఆవిడ కళ్లజోడు పైనుంచి గది మొత్తం చూశారు. "అందరూ నిలబడ్డారు. కొందరైతే కుర్చీల మీద నిలబడ్డారు. ప్రతిపాదనకి అందరూ వ్యతిరేకం. నిలబడనిది ఒక్క మాస్టారే. ఆయనొక్కరే పార్కింగు కావాలన్నారు."

గది గొల్లుమంది. మాస్టారు మోచేతి మీద లేవబోయారు. "వద్దమ్మా. ఇలా గెలవడం న్యాయం కాదు. నన్ను కాస్త కూర్చోబెట్టి మళ్లీ పెట్టండి. ఓడిపోతే ఓడిపోతాం."

ఆయన నిజంగానే అన్నారు. కోడలికి ఏడుపొచ్చింది, హారన్‌కి కోపం వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు గంట మీద చెయ్యి వేసి సెక్రటరీ వైపు చూశారు. సెక్రటరీ కాసేపు నిలబడి, అందరూ ఆశ్చర్యపోయేలా, మాస్టారి పక్కన నేల మీద చతికిలపడ్డాడు.

"మాస్టారూ," అన్నాడు చిన్న గొంతుతో. "ఆ మాత్ర... నాబోటివాడు కూడా వాడొచ్చా?"

మాస్టారు అతని వంక చూశారు.

"కారు వెనకాల పెట్టి, భవనం చుట్టూ తిరిగొచ్చి, లిఫ్టు కోసం నిలబడి, అయిదో అంతస్తు దాకా..." సెక్రటరీ నుదురు తుడుచుకున్నాడు. "మొన్న లిఫ్టులోనే... నాతోపాటు పై అంతస్తు పిల్లలు కూడా ఉన్నారు. అందుకే లిఫ్టు పక్కన చోటు కావాలన్నాను. ఇంట్లో కూడా చెప్పలేదండీ."

"అయ్యో, నాయనా! మరి లిఫ్టు పక్కనే ఈ బాత్‌రూం ఉందిగా?"

"నేనొచ్చేసరికి గదికి తాళం పడిపోతుంది. పైగా కూలగొడతానన్న గదిలోకి ఏ మొహం పెట్టుకుని వస్తాను?"

ఎవరూ రాని వేళ కూడా ఆ గది అవసరమైన మనిషి ఒకడు, తలుపు దాటి, పళ్లు బిగించుకుని, రోజూ లిఫ్టు దాకా నడిచాడన్నమాట. మాస్టారు చొక్కా జేబులో చెయ్యి పెట్టి గది తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు. అది భార్య వాడింది, తాడు కూడా ఆవిడ కట్టిందే.

"మాత్ర సంగతి డాక్టర్ని అడుగు. గుండెదడ, బీపీ ఏమున్నా దాచకుండా చెప్పు. రాత్రి వేసుకో. ఈలోగా ఇది దగ్గరుంచుకో."

"మరి ఓటింగు?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్‌గారు.

సెక్రటరీ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "గంట కొట్టేశారు కదండీ," అన్నాడు.

అప్పట్నించి సాయంత్రాలు చదువుల గదికి తాళం వేసే పని సెక్రటరీకి వచ్చింది. కారు వెనకాల ఆగుతుంది. గబగబా అడుగులు వినిపిస్తాయి. హారన్ పేపరు మీంచి తలెత్తకుండా "సైడ్! సైడ్!" అంటాడు. పిల్లలు కుర్చీలు జరిపి దారి ఇస్తారు. కాసేపటికి సెక్రటరీ మొహం కడుక్కుని, లోకం మీద ఏ ఫిర్యాదూ లేనివాడిలా బయటికొస్తాడు.

ఒకరోజు సాయంత్రం కూడా అలాగే బయటికొచ్చాడు. అందరూ వెళ్లిపోయారు. మాస్టారు ఒక్కరే, దిండు కుర్చీలో, ఖాళీ అయిన నీళ్ల సీసా పక్కన పెట్టుకుని కూర్చున్నారు.

"లేస్తారా మాస్టారూ?"

"లేస్తున్నా బాబూ."

ముందు నిటారుగా కూర్చున్నారు. పాదాలు కాస్త ఆడించారు. బల్ల అంచు పట్టుకుని లేచి, పట్టు వదలకుండా అక్కడే నిలబడ్డారు. పూర్వం భార్య సంచీ మోసుకుంటూ గుమ్మంలోకి రాగానే ఆయన గభాలున లేచేవారు. "ఎందుకా కంగారు, నేనెక్కడికీ పోనుగా" అనేది ఆవిడ. ఇప్పుడు లేవడానికి ఎంతసేపు పట్టినా ఒక మనిషి తొందరపెట్టకుండా నిలబడి ఉంటున్నాడు. అది చిన్న సంగతేమీ కాదని మాస్టారికి అనిపించింది.

సెక్రటరీ దీపం ఆర్పాడు. పార్కింగు కావాలన్న ఏకైక సభ్యుణ్ణి ముందు నడవనిచ్చి, వెనకాల తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.